టార్నీట్ కింద దాగిన గడ్డి మైదానం

మెల్‌బోర్న్‌లో ఉన్న మీ కజిన్ "ఇల్లు కొన్నాం" అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడా? ఏరియా ఎక్కడో అడక్కుండానే చెప్పేయొచ్చు. అయితే టార్నీట్, కాకపోతే ట్రుగనినా, అదీ కాకపోతే విండమ్ వేల్. సిటీకి పడమర వైపున్న ఈ సబర్బ్‌లు మనవాళ్లకి ఇంకో మియాపూర్ లాంటివి. గోంగూర దొరుకుతుంది, ఇడ్లీ దొరుకుతుంది, గృహప్రవేశానికి పంతులుగారూ దొరుకుతారు.

కొనే ముందు మనవాళ్లు చూడని మ్యాప్ ఉండదు. స్కూల్ జోన్ మ్యాప్, స్టేషన్‌కి ఎన్ని నిమిషాలో చెప్పే మ్యాప్, ఆఖరికి ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని ఈశాన్యం మూల కూడా చూస్తారు. ఒక్క మ్యాప్ మాత్రం దాదాపు ఎవరూ తెరవరు. పేరు నేచర్‌కిట్. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం నెట్‌లో పెట్టింది. పైసా కట్టక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు. ఏ చోట ఏ సహజమైన మొక్కలు ఉండేవి, ఇప్పుడేం మిగిలాయి అన్నది అందులో లేయర్లుగా ఉంటుంది.

మా పెదనాన్న కొడుకు ఇల్లు టార్నీట్‌లోనే. నేను ఆఫీసుకి దగ్గరగా సిటీలో అద్దెకుంటా, వీకెండ్ అయితే వదిన చేతి భోజనానికి అక్కడికి చేరిపోతా. సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట. కిటికీలోంచి ముందు గోదాములు, తర్వాత కప్పులు, మళ్లీ కప్పులు, మధ్యలో ఇంకా కట్టని జాగాలు. ఆ జాగాల్ని చూసి అందరూ అనే మాట ఒకటే: "ఇదంతా మొన్నటిదాకా ఖాళీనే."

ఆ ఖాళీ మీద ఒకసారి 1750 లేయర్ వేసి చూడండి.

1750 అంటే ఆ ఏడాది ఎవరో వచ్చి సర్వే చేశారని కాదు. యూరోపియన్లు స్థిరపడక ముందు అని చెప్పడానికి పెట్టుకున్న గుర్తు అది. మిగిలిన మొక్కల ముక్కలు, మట్టి రకం, రాయి రకం, వాన, ఎత్తు, తొలి సర్వేయర్లు తమ పటాల మీద రాసుకున్న మాటలు, ఇవన్నీ కలిపి "ఇక్కడ ఇది ఉండేది" అని నిపుణులు వేసిన అంచనా. అందుకే లేయర్ పేరులోనే 'మోడల్డ్' అన్న మాట ఉంటుంది. నాకు ఆ నిజాయితీ నచ్చింది. మన ఫీల్డ్‌లో అంచనాని డాష్‌బోర్డ్ మీద పెట్టగానే నిజం అయిపోతుంది కదా.

టార్నీట్ మీద జూమ్ చేస్తే చాలా భాగం ఒకే రంగు. దాని మీద నొక్కితే పేరు వస్తుంది: ప్లెయిన్స్ గ్రాస్‌ల్యాండ్, నంబర్ 132. వెర్రిబీ నది వెంట మాత్రం రంగు మారుతుంది, అక్కడ రెడ్ గమ్ చెట్ల వరస. ఇలా విక్టోరియా మొత్తాన్ని కొన్ని వందల రకాలుగా విడగొట్టారు. వీటిని ఎకలాజికల్ వెజిటేషన్ క్లాస్ అంటారు, వాడుకలో ఈవీసీ. ఒక్కో రకానికీ ఒక ప్రాంతంలో ఒక బెంచ్‌మార్క్ కాగితం ఉంటుంది: ఆరోగ్యంగా ఉంటే ఏ మొక్కలు, ఎంత దట్టంగా ఉండాలి అని. ఒక చోటు ఎంత బాగుందో కొలిచేటప్పుడు ఆ కాగితంతో పోల్చి నూటికి మార్కులేస్తారు. 75 మార్కులు ఆ ముక్కలో ఏముందన్నదానికి, మిగతా 25 చుట్టుపక్కల ఏముందన్నదానికి. చుట్టూ ఇళ్లొచ్చేస్తే, లోపల ఒక్క గడ్డిపరక చావకపోయినా మార్కులు పడిపోతాయి.

ఇప్పుడు 1750 తీసేసి 2005 లేయర్ వేయండి. రంగు చిరిగిన గుడ్డలా అయిపోతుంది. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. ఇంకో సంగతి, 'మిగిలింది' అని చెప్పే ఈ లేయరే 2005 నాటిది. అందులో పచ్చగా ఉన్న కొన్ని ముక్కల మీద ఇప్పుడు డబుల్ గరాజ్ ఇళ్లున్నాయి. అంటే రెండూ పాత పటాలే. ఒకటి చాలా పాతది, ఇంకోటి కొంచెం పాతది.

ఈ మైదానం చిన్నదేం కాదు. మెల్‌బోర్న్ పడమటి అంచు దగ్గర మొదలై పశ్చిమ దిక్కుగా 300 కిలోమీటర్లు దాటి పోతుంది. దాదాపు 23 లక్షల హెక్టార్లు. అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నేల, పైన పగుళ్లిచ్చే నల్లమట్టి. మా నంద్యాల వైపు నల్లరేగడి చూసిన కంటికి వెంటనే చుట్టంలా అనిపిస్తుంది. అందులోని గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది 5 శాతం కన్నా తక్కువ. 2008లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం దీన్ని 'తీవ్ర ప్రమాదంలో ఉంది' అనే జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో దానికి పైన ఇంకో మెట్టు లేదు.

ఇంతకీ ఆ గడ్డి ఎలా ఉంటుంది? మ్యాప్‌లో రంగు చూస్తే అర్థం కాదు. శాటిలైట్‌కి కూడా సరిగ్గా అర్థం కాదు. పైనుంచి చూస్తే సహజమైన గడ్డీ, గొర్రెల కోసం వేసిన గడ్డీ దాదాపు ఒకేలా ఉంటాయి. అడవి పోతే ఫోటోలో తెలుస్తుంది. గడ్డి పోయి ఇంకో గడ్డి వస్తే ఎవరికి తెలుస్తుంది? కాబట్టి నేల మీదకే వెళ్లాలి.

నవంబరు ఆఖర్లో ఒక శనివారం అన్ననీ వదిననీ లాక్కుని వెళ్లాను. ఎక్కడికో తెలుసా? స్మశానానికి. ట్రుగనినా సిమెట్రీ. గోదాములు, కంటైనర్ లారీలు దాటుకుని పోతే ఒక కంచె, లోపల పాత సమాధులు, వాటి చుట్టూ మోకాలెత్తు గడ్డి. వదిన గేటు దగ్గరే ఆగిపోయింది. "చెప్పులేసుకుని లోపలికి పోవచ్చా?" అని అడిగింది. అన్న ఒక రౌండ్ కొట్టి వచ్చి, "దీనికోసమా రా నా శనివారం పాడు చేసినావు? కోయని గడ్డి మన వెనక పెరట్లో కూడా ఉందే" అన్నాడు.

పెరట్లోది కైకుయు గడ్డి, బయటినుంచి తెచ్చింది. ఇక్కడున్నది కంగారూ గడ్డి. దుబ్బులు దుబ్బులుగా ఉంటుంది, ఎండలు ముదిరే కొద్దీ ఇటుక రంగు తిరుగుతుంది. శాస్త్రీయ నామం థెమెడా ట్రయాండ్రా. ఇదే జాతి ఆఫ్రికాలోనూ ఉంది, మన ఇండియాలోనూ ఉంది. దుబ్బుల మధ్య జాగాల్లోనే అసలు విషయం. అక్కడే పూలు పూస్తాయి. బొత్తాం సైజులో పసుపు పూలు కనిపించాయి. బటన్ రింకిల్‌వర్ట్ అంటారు. ప్రపంచం మొత్తం మీద ఆ మొక్క మిగిలిన చోట్లు కొన్నే, అందులో ఈ సిమెట్రీ ఒకటి.

స్మశానంలోనే ఎందుకు మిగిలింది? కంచె వేశారు కాబట్టి గొర్రెలు రాలేదు. సమాధులున్నాయి కాబట్టి ఎవరూ దున్నలేదు. పంట లేదు కాబట్టి ఎవరూ ఫాస్ఫేట్ ఎరువు చల్లలేదు. ఈ నేల మొక్కలు తక్కువ ఫాస్ఫరస్‌కి అలవాటు పడ్డవి. ఎరువు పడితే కలుపు బలిసి వీటిని తొక్కేస్తుంది. పైగా అప్పుడప్పుడూ గడ్డి తగలబెట్టేవాళ్లు. కాల్చకపోతే దుబ్బులు కమ్ముకుపోయి మధ్యలో పూలకి వెలుతురుండదు. అందుకే ఈ మైదానం ముక్కలు మిగిలినవి ఎక్కువగా పాత సమాధుల దగ్గరా, రైలు పట్టాల పక్కనా. మనిషి మర్చిపోయిన చోట్లన్నమాట.

కాల్చడం అంతకు ముందు కూడా ఉంది, ఇంకా పద్ధతిగా. వురుండ్జెరి, బునురాంగ్, వాదవురుంగ్ ప్రజల నేల ఇది. వాళ్లు లెక్కగా నిప్పుపెట్టేవాళ్లు, ఆడవాళ్లు పుల్లలతో మర్నాంగ్ దుంపలు తవ్వుకునేవాళ్లు. పసుపు పూల చిన్న మొక్క, కింద తియ్యటి దుంప. 1830ల్లో గొర్రెలొచ్చాయి. దుంపని కూడా వదల్లేదు. కొన్నేళ్లలోనే ఆ తిండి ఈ మైదానాల్లో దాదాపు లేకుండా పోయింది. 'ఖాళీ' నేల మీద ఒక జాతి మొత్తం అన్నం తిన్నదన్నమాట. 1750 లేయర్‌లో ఇది రాసుండదు. 'ప్లెయిన్స్ గ్రాస్‌ల్యాండ్' అని మాత్రమే ఉంటుంది. మ్యాప్‌కి అంతవరకే చేతనవును.

మ్యాప్ గురించి ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఈ డేటా వేసింది లక్షకి ఒకటి స్కేలులో. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటర్, నేల మీద 100 మీటర్లు. మనవాళ్ల ప్లాట్ వెడల్పు పన్నెండున్నర మీటర్లు అనుకుంటే, ఒక్క మిల్లీమీటర్‌లో ఎనిమిది ఇళ్లు పడతాయి. ఫోన్‌లో రెండు వేళ్లతో జూమ్ చేస్తే మీ పెరటి కంచె దాకా వచ్చేస్తుంది కానీ, కచ్చితత్వం అంత దూరం రాదు. "మా పెరట్లో 1750లో ఇదుండేది" అని వాదన పెట్టుకోవద్దు. "మా సబర్బ్ ఈ మైదానం మీద లేచింది" అనొచ్చు, అది చాలు.

అన్న ఇంటికొచ్చాక అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "సరే, మ్యాప్ పెట్టినారు. గడ్డి పోయింది. మరి మ్యాప్ వల్ల ఏం లాభం రా?"

లాభం ఇక్కడుంది. 2010లో మెల్‌బోర్న్ సరిహద్దు పెంచారు, పడమర వైపు కొత్త సబర్బ్‌లకి దారి తెరిచారు. దానికి బదులుగా మౌంట్ కాట్రెల్, లిటిల్ రివర్ వైపు 15,000 హెక్టార్ల గడ్డి నేల కొని వెస్టర్న్ గ్రాస్‌ల్యాండ్ రిజర్వ్ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం మాటిచ్చింది. గడువు 2020. ఆ ఏడాదే రాష్ట్ర ఆడిటర్ జనరల్ రిపోర్ట్ వచ్చింది: కొన్నది దాదాపు 10 శాతం. కొనకుండా వదిలేసిన ప్రతి ఏడాదీ ఆ పొలాల్లో సెరేటెడ్ టసక్ లాంటి కలుపు పెరగొచ్చు, ఒక్క రోజు ట్రాక్టర్ తిరిగితే ఆ ముక్క మళ్లీ మామూలుగా రాదు.

ఇప్పుడా మాటని ఎవరైనా లెక్క చూడొచ్చు. మాటిచ్చిన హద్దులు పబ్లిక్. ఈవీసీ లేయర్లు పబ్లిక్, డేటావిక్ అనే ప్రభుత్వ సైట్‌లో ఫైళ్లుగా దొరుకుతాయి, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో. నేను క్యూజీఐఎస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి వేశా. కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. ఆఫీసులకి అర్జీలు పెట్టుకుని, సీడీ కోసం ఎదురుచూసే రోజుల్లో ఇలా ఒక మామూలు మనిషి చేయగలిగేవాడా? ఆడిటర్ చేస్తే రిపోర్ట్. వార్డు మీటింగ్‌లో ఒక టార్నీట్ నివాసి ఫోన్ తీసి చూపిస్తే అది ప్రశ్న.

పైగా ఈ లెక్కలో మన డబ్బూ ఉంది. 2020 జూలై నుంచి ఈ పెరిగిన ప్రాంతాల్లో భూమి డెవలప్ చేసేవాళ్లు హెక్టారుకి ఇంత అని పర్యావరణ లెవీ కట్టాలి, చట్టమే చేశారు. ఆ డబ్బుతోనే రిజర్వ్ నేల కొనాలి. డెవలపర్ జేబులోంచి కడతాడనుకుంటున్నారా? చివరికి అది ప్లాట్ రేటులోనే కలుస్తుంది. ఇది చెప్పాక అన్న లేచి కూర్చున్నాడు. "అంటే నేను కట్టిన దాంట్లో గడ్డి డబ్బులు కూడా ఉండాయా?" అన్నాడు. ఉన్నాయన్నా. ఎక్కడికి పోయాయో అడిగే హక్కు కూడా నీకుంది.

ఓపెన్ డేటా అంటే అందరికీ ఓపెనే, డెవలపర్‌కీ ఓపెనే. ఎక్కడ లెవీ తక్కువ పడుతుందో వాళ్లూ అదే పద్ధతిలో చూస్తారు. దానికి బాధపడి లాభం లేదు. వాళ్ల దగ్గర ఎప్పుడూ మ్యాపులుండేవి. లేనిది మన దగ్గరే.

కానీ అన్నీ ఓపెన్‌గా పెట్టాలా? ఇక్కడ నా సాఫ్ట్‌వేర్ బుర్ర కూడా వెనక్కి తగ్గింది. ఈ మైదానంలో ఒక చెవుల్లేని తొండ ఉండేది, విక్టోరియన్ గ్రాస్‌ల్యాండ్ ఇయర్‌లెస్ డ్రాగన్. వేలంత ప్రాణి. 1969 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 2023లో మెల్‌బోర్న్ పడమరనే మళ్లీ దొరికింది! ఎక్కడో మాత్రం ప్రభుత్వం చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? పెంపుడు జంతువుల దొంగ వ్యాపారులు, సెల్ఫీల కోసం తొక్కేవాళ్లు, ఒక్క వారంలో అయిపోతుంది. కొన్నింటిని మెల్‌బోర్న్ జూలో పెట్టి సంతతి పెంచుతున్నారు. మొక్కల పటం అందరికీ, తొండ చిరునామా కొందరికే. ఈ విభజన నాకు సబబుగానే అనిపించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గోల్డెన్ సన్ మాత్ అని ఒక రెక్కల పురుగు, సీతాకోకచిలుకకి చుట్టం. రెక్కలొచ్చాక దానికి తినడానికి నోరే ఉండదు, కొద్ది రోజులే బతుకు. అంతకు ముందు లార్వాగా రెండు మూడేళ్లు మట్టిలో వేర్లు తింటూ గడుపుతుంది. ఇష్టమైనది వాలబీ గడ్డి వేరు. అయితే చిలీ నుంచి వచ్చిన నీడిల్ గ్రాస్ అనే కలుపు కింద కూడా ఇది బతికేస్తోందని తేలింది. సహజ మొక్కల లేయర్‌లో ఏమీ లేదని చూపించే చోట, కలుపు కింద ఈ అరుదైన పురుగు ఉండొచ్చు. కాబట్టి మ్యాప్‌లో రంగు లేదు అంటే ఏమీ లేదని కాదు. ఇలాంటివి ఎవరైనా చూస్తే విక్టోరియన్ బయోడైవర్సిటీ అట్లాస్‌లో నమోదు చేయొచ్చు, నిపుణులు సరిచూసి చేర్చుకుంటారు.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. మాది నందికొట్కూరు దగ్గర. "ఏమిరా, గడ్డి చూసేదానికి అంత దేశం పోయినావా? మన రోళ్లపాడులో లేదా?" అన్నారు.

ఉంది. రోళ్లపాడు గడ్డి భూములు బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినవి. ఇప్పుడు ఆ పిట్ట దేశం మొత్తం మీద 150కి అటూ ఇటూ ఉందని అంచనా. మెల్‌బోర్న్ మైదానాల్లో కూడా ఒకప్పుడు దానికి అన్నదమ్ముడి వరసైన ఆస్ట్రేలియన్ బస్టర్డ్ తిరిగేది. ఒకే ప్రజాతి. అక్కడా గడ్డే దాని ఇల్లు, అక్కడా గడ్డి పోయాకే అదీ పోయింది.

అయితే మనకి ఇలాంటి గడ్డిని పిలవడానికున్న మాటలు చూడండి: బీడు, బంజరు. కాగితాల మీదా అంతే. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ సాయంతో కేంద్రం వేసే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్‌లో పొదలున్న బయలు నేలలు 'వృథా భూముల' కిందకొస్తాయి. అదే సెంటర్ 2009 నుంచి భువన్ అనే పోర్టల్ నడుపుతోంది, ఎవరైనా తెరిచి నేల వాడకం లేయర్లు చూడొచ్చు. అంటే మ్యాప్ మన దగ్గరా ఓపెనే. లెజెండ్‌లో పేరు మాత్రం వేరు. అదే పెద్ద తేడా. 'ప్లెయిన్స్ గ్రాస్‌ల్యాండ్, ప్రమాదంలో ఉంది' అని రాసిన చోట కంచె వేయాలనిపిస్తుంది. 'వేస్ట్‌ల్యాండ్' అని రాసిన చోట సోలార్ ప్లాంట్ పెట్టాలనిపిస్తుంది.

ఆ పేరు మార్చే ప్రయత్నం కూడా మొదలైంది. ఎం.డి. మధుసూదన్, అబి తమీమ్ వనక్ అనే ఇద్దరు పరిశోధకులు దేశంలోని పొడి ప్రాంతాల గడ్డి భూములు, పొదల నేలల్ని శాటిలైట్ చిత్రాలతో గుర్తించి, ఓపెన్ నేచురల్ ఎకోసిస్టమ్స్ అనే పేరుతో ఆన్‌లైన్ మ్యాప్‌గా పెట్టారు. వాళ్ల లెక్కలో దేశ భూభాగంలో ఇవి దాదాపు పదో వంతు. రక్షిత ప్రాంతాల్లో ఉన్నది అందులో 5 శాతం కూడా లేదు. రాయలసీమ మీద జూమ్ చేసి ఆ స్క్రీన్‌షాట్ నాన్నకి పంపా. మా ఊరి పక్క గుట్టలు చూసి, "ఇది మన గొర్రెలు మేపే బీడు కదరా" అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు వెళ్లాలనుకుంటే: పూలకి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా బాగుంటుంది, పసుపు బొత్తాం పూలకి నవంబరు ఆఖరు, ఆ తర్వాత. ముందు ల్యాప్‌టాప్‌లో నేచర్‌కిట్ తెరిచి మీ సబర్బ్ మీద రెండు లేయర్లూ మార్చి మార్చి చూసి వెళ్లండి. సిమెట్రీలో దారి మీదే నడవండి, పూలు కోయకండి, సమాధుల దగ్గరకొచ్చిన కుటుంబాలు ఉంటే కెమెరా జేబులో పెట్టుకోండి. మౌంట్ కాట్రెల్ వైపు రాతి గోడల పక్కన కారాపి చూడొచ్చు, లోపలికి మాత్రం వద్దు, చాలా వరకు ప్రైవేటు పొలాలే. బ్రౌన్ స్నేక్‌లు తిరిగే కాలం కాబట్టి షూస్, ఫుల్ ప్యాంట్ తప్పనిసరి. సన్ మాత్ చూడాలంటే గాలి లేని ఎండ రోజు, పదకొండు నుంచి రెండు మధ్య. మగది గడ్డి మీదుగా ఎగురుతుంది. ఆడది నేల మీదే కూర్చుని రెక్క కింద బంగారు రంగు ఒక్కసారి మెరిపిస్తుంది, కనురెప్ప వేస్తే మిస్సవుతారు.